పోయినవాడి నాడి

"నా అల్లుడంటే నాకు ఏనాడూ పడలేదమ్మా. నీ దగ్గర దాపరికం దేనికి? మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు వాడు దిక్కులు చూసిన తీరే నాకు నచ్చలేదు. అయినా సరే, తాగి చచ్చాడని రాస్తే మాత్రం ఊరుకోను."

లాండ్రీ గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుని పోయినవాడి అత్తగారు ఈ మాట అనడం ఇది మూడోసారి. నర్సమ్మ మూడుసార్లూ ఓపిగ్గానే వింది. చెప్పిందే చెప్పేవాళ్లు ఒక్కోసారి చెప్పనిది కూడా చెప్పేస్తారని ఆవిడ అనుభవం.

ఆవిడ అసలు పేరు ఎవరూ పిలవరు. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో సగం జీవితం గడిపి, భర్త పోయాక ఆయన నడిపిన చిన్న డిటెక్టివ్ ఏజెన్సీని నెత్తిన వేసుకుంది. బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది. పని మారినా పిలుపు మారలేదు. దొంగలూ నర్సమ్మే అంటారు, పోలీసులూ నర్సమ్మే అంటారు.

"అసలు తాగేవాడా?" అని అడిగింది.

"సోడా తాగితే తుమ్మేవాడు. వాడి మొహానికి తాగుడొకటా?" అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అమ్మాయి రెండు రోజులుగా గోడకేసి చూస్తూ కూర్చుంది. రేపు కార్మిక శాఖ విచారణ. అక్కడ తాగుబోతని తేలిపోతే, రేపు పుట్టబోయే బిడ్డ కూడా ఆ పేరే మోయాలి."

నర్సమ్మ లేచింది. "మీరిక్కడే ఉండండి. నీడలోకి జరగండి."

ఆస్పత్రులనుంచి వచ్చే దుప్పట్లూ, తలగడ గలీబులూ, ఆపరేషన్ గది గౌన్లూ అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ అది. పోయినవాడు ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసేవాడు. మనిషి తాడిచెట్టంత ఉండేవాడట, అందరూ పొడుగోడనే పిలిచేవారు. మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక రోలరు ముందే కుప్పకూలాడు. తాగి వచ్చాడనీ, తూలాడనీ, పిచ్చిమాటలు మాట్లాడాడనీ, ఆపైన గుండె బలహీనమనీ యాజమాన్యం చెబుతోంది. శవపరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. అప్పటిదాకా వాళ్ల సాక్ష్యం ఒక మనిషి కాదు, బ్యాండు.

ఆ బ్యాండు సంగతి చెప్పడానికి మేనేజరు ఆవిణ్ణి మేడమీది అద్దాల గదికి తీసుకెళ్లాడు. ఆ గదిలోంచి చూస్తే కింద ఇస్త్రీ హాలంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల ఏసీ చల్లగా ఉంది. గోడంత తెర మీద పనివాళ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో పచ్చ చుక్క.

గదిలో ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన సంస్థ ఆరోగ్యాధికారి. అందరూ హెల్త్ సారు అంటారు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదైన గొంతు, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. పనివాళ్లకి పొద్దున్నే శ్వాస తీసుకోవడం నేర్పేది ఆయనే. రెండో ఆయన ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన పరిశోధకుడు. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం వదిలినా ఆ మీసం, ఆ కూర్చునే తీరు వదల్లేదు. నర్సమ్మా ఆయనా ఇంతకుముందు మూడు కేసుల్లో ఎదురుపడ్డారు. రెండుసార్లు ఆవిడ గెలిచింది. ఆయన మూడోదాన్ని గురించే మాట్లాడతాడు.

"రండి నర్సమ్మగారూ. థర్మామీటరు తెచ్చుకున్నారా?" అన్నాడాయన.

"మీకెంతుందో చూడమంటారా?" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఇందులో మనుషుల ప్రమేయం ఏమీ లేదండి. పనివాళ్లందరి చేతికీ ఇలాంటి బ్యాండు ఉంటుంది." తన చేతిది విప్పి చూపించాడు. " అది నాడి చూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది. ఆ లెక్కలు ఏఐకి వెళ్తాయి. మావాళ్లు దాన్ని పెద్దాయన అంటారు లెండి. అందరూ పచ్చగా ఉంటే పెద్దాయన రోలర్ల వేగం మెల్లమెల్లగా పెంచుతాడు. పసుపు చుక్కలు ఎక్కువైతే తగ్గిస్తాడు. ఎవరైనా ఎర్రబడితే రోలరు ఆపేసి, ఆ మనిషిని ఆ పూటకి ఇంటికి పంపేస్తాడు. అంతా వాళ్ల ఆరోగ్యం కోసమే."

"ఇంటికి పంపిన పూట కూలి?"

"పని చెయ్యని పూటకి కూలి ఎక్కడిదండి?"

"ఆఖరిసారి ఎవరు ఎర్రబడ్డారు?"

మేనేజరు మొహం వెలిగింది. "నాలుగు నెలలుగా ఒక్కరు కూడా లేరండి. ఒక్క పసుపు చుక్క కూడా లేదు. మిగతా శాఖలవాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకోవాలంటున్నారు పైవాళ్లు."

నాలుగు నెలలంటే అందులో ఎండాకాలం మొత్తం ఉంది. నర్సమ్మ ఆ మాట పైకి అనలేదు. ఆస్పత్రిలో కూడా అంతే. రోగులందరూ బాగున్నారని రాసిన వార్డులోనే ముందు వెతకాలి.

"పోయినాయన లెక్క చూపించండి."

తెర మీద ఒక గీత వచ్చింది. పొద్దుటినుంచి అరవైకి అటూ ఇటూ, కదలని చెరువులా ఉంది. మధ్యలో ఎర్ర గుర్తు. మనిషి పడిపోగానే ఎదురుగా ఉన్నవాళ్లు ఎమర్జెన్సీ తాడు లాగిన క్షణం అది. గీత మాత్రం ఆ గుర్తు దాటాక తొంభైకి లేచి, మరో పావుగంట అక్కడే సాగింది. తర్వాత ఠక్కున తెగిపోయింది.

ఇన్సూరెన్సాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారుగా. పడిపోయాక కూడా పావుగంట గుండె నిక్షేపంగా కొట్టుకుంది. వేడీ కాదు, వడదెబ్బా కాదు. మత్తులో పడ్డాడు, ఎప్పటినుంచో ఉన్న జబ్బు తర్వాత పని కానిచ్చింది. యంత్రానికి అబద్ధమాడాల్సిన అవసరం ఏముందండి?"

"యంత్రానికి లేదు," అంది నర్సమ్మ. తర్వాత హెల్త్ సారు వైపు తిరిగింది. "ఫస్ట్ ఎయిడ్ గదిలో ఎవరున్నారు?"

"నేనేనండి." ఆయన కళ్లు చెమర్చాయి. "మోసుకొచ్చి పడుకోబెట్టగానే గుండె నొక్కడం మొదలుపెట్టాను. ఊపిరూదాను. ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను. నా చేతుల్లోనే పోయాడు."

"మోసుకొచ్చినవాళ్లు?"

"బయటికి పంపేశాను. గాలి ఆడాలి కదండీ."

"మంచి పని చేశారు," అని ఆవిడ లేచింది. "హాలు చూడాలి."

తలుపు తియ్యగానే వేడి మొహాన కొట్టింది. ఆవిరి, సబ్బు వాసన, కాలిన నూలు వాసన. ఒకదాని వెనక ఒకటి నాలుగు రోలర్లు. ఇటు ఇద్దరు నిలబడి తడి దుప్పటిని చెరో అంచూ పట్టుకుని రోలరుకి అందించాలి. అటు పొగలు కక్కుతూ బయటికి వచ్చినదాన్ని ఇద్దరు మడత పెట్టాలి. దుప్పటి అందుకునేలోపే ఇంకోటి. ఎవరూ తలెత్తడం లేదు. దురద పెడితే గోక్కునే తీరిక కూడా లేనట్టుంది. గోడకున్న పెద్ద ఫ్యాను తిరుగుతోంది కానీ అది ఆవిరిని ఇటునుంచి అటు తోస్తోందంతే.

రెండో రోలరు దగ్గర పొడుగోడు నిలబడే చోట ఇప్పుడు ఒక కొత్త మనిషి ఉన్నాడు. నర్సమ్మ వంగి నేల చూసింది, రోలరు అంచు చూసింది. రోలరు పక్క కొక్కేనికి ఒక నీళ్ల సీసా వేలాడుతోంది. మూత సీలు కూడా విప్పలేదు.

"ఇదెవరిది?"

"మా పొడుగోడిదేనండి," అంది ఎదుటి అంచు పట్టుకున్నావిడ, దుప్పటి వదలకుండానే. ఆవిణ్ణి అందరూ పిన్ని అంటారు. యాభైకి దగ్గరపడిన మనిషి, మొహం కందిపోయి ఉంది. "ఆ రోజు పొద్దున తెచ్చుకున్నాడు. తాగడానికి చెయ్యి ఖాళీ అయితేగా."

సూపర్‌వైజరు సైగ చేస్తే ఇంకొకావిడ వచ్చి పిన్ని చోట నిలబడింది. నర్సమ్మ పిన్నిని గోడవారకి తీసుకెళ్లింది. ఇన్సూరెన్సాయన కూడా నీడలా వెంటే వచ్చాడు.

"ఆ రోజు తాగి వచ్చాడా?"

పిన్ని ఒకసారి పైనున్న అద్దాల గది వైపు చూసింది. "పొద్దున బాగానే ఉన్నాడండి. భోజనాలయ్యాక మాటలు తేడా వచ్చాయి. నన్ను పట్టుకుని వాళ్లావిడ పేరుతో పిలిచాడు. కాళ్లు తడబడ్డాయి."

"రాసుకోండి," అన్నాడు ఇన్సూరెన్సాయన, తనే రాసుకుంటూ.

"చెమట పట్టిందా?"

"ఆఁ?"

"ఒంటికి చెమట పట్టి ఉందా అని."

పిన్ని కాస్త ఆలోచించింది. "లేదండి. అదే నాకు విడ్డూరంగా అనిపించింది. మేమంతా తడిసి ముద్దయిపోతుంటే వాడి మొహం ఎండిపోయి, ఎర్రగా ఉంది. పడ్డాక ఎత్తబోతే చెయ్యి చురుక్కుమంది. పెనం ముట్టుకున్నట్టే."

"తాగినవాడికి చెమట ఆగిపోదు," నర్సమ్మ ఇన్సూరెన్సాయన వైపు చూడకుండానే అంది. "వేడి నెత్తికెక్కితే ఆగిపోవచ్చు. మాట తడబడుతుంది, మనిషిని పోల్చుకోలేడు. చూసేవాళ్లకి తాగినట్టే ఉంటుంది. ఇది కూడా రాసుకోండి."

"అయితే గుండె అరవై ఎందుకు కొట్టుకుంది? వేడి నెత్తికెక్కిన మనిషికి ఎంత కొట్టుకోవాలి?"

"మంచి ప్రశ్న. నూట యాభై కొట్టుకున్నా నేను ఆశ్చర్యపోను."

"మరి?"

నర్సమ్మ పిన్ని కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించింది. అలవాటైన పని. గోడ గడియారం వైపు చూస్తూ పెదవులు కదిలించింది.

"అదేంటండీ, సాక్షి చెయ్యి పట్టుకుంటారు?" ఇన్సూరెన్సాయన గొంతు పెంచాడు. "ఏ చట్టంలో ఉంది ఇది?"

"నర్సుల చట్టంలో. కాసేపు నోరు మూసుకోండి, లెక్క తప్పుతుంది."

నూట నలభై దాటింది. నర్సమ్మ రెండోసారి చూసింది. అంతే ఉంది. అప్పుడు తనే పిన్ని ఎడమచేతి చొక్కా మడత పైకి జరిపింది. నల్లటి బ్యాండు, మిగతావాళ్లకున్నట్టే ఉంది. దాన్ని కొంచెం ఎత్తి అడుగున చూసింది. మేనేజరు తన బ్యాండు విప్పి చూపించినప్పుడు చర్మానికి ఆనే చోట చిన్న పచ్చ దీపం మిణుకుమిణుకుమంటూ కనిపించింది. ఇక్కడ చీకటి. ఇది ఎప్పుడో చచ్చిన బ్యాండు.

పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆవిడ కళ్లలో భయం నర్సమ్మకి కొత్త కాదు. మందు మింగకుండా తలగడ కింద దాచుకుని దొరికిపోయిన రోగి చూపు అది.

"నీ అసలు బ్యాండు ఎక్కడుంది పిన్నీ?" నెమ్మదిగా అడిగింది.

"అడక్కండి." పిన్ని చొక్కా మడత బ్యాండు మీదికి లాక్కుంది. "నాకు మాటిమాటికీ ఎర్రబడేదండి. మూడుసార్లు ఇంటికి పంపేశారు. ఇంకోసారైతే అసలు రావద్దంటారు. నాకీ పని పోతే ఇంకెవరిస్తారు? మేమే అడిగాం, ఎవరూ బలవంతం చెయ్యలేదు. చాలామంది ఇచ్చారు. నన్నింక ఏమీ అడక్కండి."

"ఎవరికిచ్చారు?"

పిన్ని తల అడ్డంగా ఊపి, గబగబా వెళ్లి మళ్లీ దుప్పటి అంచు అందుకుంది.

ఇన్సూరెన్సాయన పుస్తకం మూశాడు. "పాడైపోయిన బ్యాండొకటి కట్టుకుంది. దానికి ఇంత హడావుడా?"

"పాడైందే కట్టుకుంటే మేడమీద ఆవిడ పేరు పక్కన పచ్చ చుక్క ఎలా వెలుగుతోంది ఇన్‌స్పెక్టరుగారూ?"

ఆయన ఆవిడ వెంట అద్దాల గదికి మెట్లెక్కాడు. సగం మెట్ల మీద ఆగి, "అంటే ఆవిడ బ్యాండు ఇంకెవరి చేతికో ఉందంటారు," అన్నాడు.

"చేతికో, కాలికో. ఎక్కడో చల్లగా కూర్చున్న మనిషి ఒంటి మీద. ఆ పచ్చ చుక్కలు చూసి, వీళ్లంతా హాయిగా ఉన్నారనుకుని, పెద్దాయన రోలర్లని ఇంకా ఇంకా ఉరికిస్తున్నాడు. పొడుగోడిదీ అంతే. వాడు మాడిపోతుంటే వాడి నాడి నీడపట్టున ఉంది."

"ఎవరు?"

"అదే నాకూ తెలియదు. మేనేజరు కావచ్చు. మీరూ కావచ్చు. రెండు రోజులుగా ఈ గదిలోనే ఉన్నారట కదా."

"నర్సమ్మగారూ, హద్దుల్లో ఉండండి."

"పైకి పదండి. మీకు కోపం వస్తే ఎవరి గుండె ఎగురుతుందో చూద్దాం."

గదిలో మేనేజరూ, హెల్త్ సారూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. నర్సమ్మ ఈసారి కూర్చోలేదు. తెరకి పక్కగా, ముగ్గురి మొహాలూ తెరా ఒక్క చూపులో పడేలా నిలబడింది. రెండో రోలరు మనుషుల నాడి అంకెల్లో చూపించమంది. మేనేజరు నొక్కాడు. పిన్నికి అరవై ఒకటి. అటువైపు మడత పెట్టే ఆయనకీ అరవై ఒకటే. నర్సమ్మ వేళ్ల కొసల్లో ఇంకా నూట నలభై కొట్టుకుంటూనే ఉంది.

"హాలులో అందరివీ ఒకేసారి పెట్టండి."

ఇరవై రెండు పేర్లు వచ్చాయి. నర్సమ్మ కళ్లు వాటిమీద నెమ్మదిగా నడిచాయి. కొన్ని పేర్లవి ఎనభై, తొంభై, ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. ఏడు పేర్లవి మాత్రం ఒకటి అరవైకి పోతే ఏడూ అరవైకి, ఒకటి అరవై రెండుకి వస్తే ఏడూ అరవై రెండుకి. ఒకే అమ్మ పిల్లల్లా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడుస్తున్నాయి. పెద్దాయన ఎంత తెలివైనవాడైనా ఒక్కొక్కరినీ విడిగా చూసేవాడేగానీ పక్కపక్కన పెట్టి పోల్చేవాడు కాదు. అలా పోల్చమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"మేనేజరుగారూ, నాలుగు నెలలుగా ఒక్క చుక్కా పసుపు కాలేదంటే మీకు అనుమానం రాలేదా?"

"దేనికండీ అనుమానం? మా వ్యవస్థ బాగా పనిచేస్తోందని అర్థం."

"వేగం పెరిగినందుకు మీకు పైనుంచి మెప్పు వచ్చింది కదా?"

"వస్తే తప్పా?" మేనేజరు మెడ ఎర్రబడింది. అతని గొంతులో కోపం స్పష్టంగా ఉంది. తెర మీద ఏడు పేర్లూ అరవై ఒకటి దగ్గర నిశ్చింతగా ఉన్నాయి.

అతను కాదు.

ఆవిడ ఇన్సూరెన్సాయన వైపు చూసింది. ఆయన కూడా తెరనే చూస్తున్నాడు, మీసం కదలకుండా. మెట్ల మీద వచ్చిన కోపం ఇంకా మొహం మీదే ఉంది. అంకెలు మాత్రం అరవై.

"హెల్త్ సారూ," అంది చివరికి, పేషంటుని పలకరించినంత మెత్తగా. "ఒక్క సంగతి నాకు అర్థం కాలేదు. మోసుకురాగానే గుండె నొక్కడం మొదలుపెట్టానన్నారు. ఆపకుండా నొక్కానన్నారు."

"అవునండి."

"గుండె ఆగితేనే నొక్కుతారు. కొట్టుకునే గుండెని ఎవరూ నొక్కరు. మీకు ఆ సంగతి తెలుసు, చదువుకున్నారు. కానీ మీరు నొక్కిన ఆ పావుగంటా వాడి గుండె తొంభై కొట్టుకుంటోందని ఇక్కడుంది. మరి ఆ కొట్టుకున్న గుండె ఎవరిది?"

హెల్త్ సారు మొహం మీద ఏ మార్పూ లేదు. చిరునవ్వు అలాగే ఉంది. శ్వాస కూడా నెమ్మదిగానే తీశాడు, రోజూ నేర్పే పాఠమే కదా.

తెర మీద ఏడు అంకెలు ఒక్కసారిగా లేచాయి. డెబ్బై. ఎనభై ఐదు. నూట నాలుగు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడంటారు. ఈయన భుజాలు కదపలేదు, ఏడుగురి గుండెలు దొరికిపోయాయి.

"ఏమిటిది?" మేనేజరు తెర దగ్గరికి వచ్చాడు. "ఒక్కసారి ఇంతమందికి..."

ఏడు చుక్కలు పసుపు తిరిగాయి. ఆ వెంటనే కింద హాలులో హోరు తగ్గింది. నాలుగు నెలల్లో మొదటిసారి పెద్దాయన రోలర్ల జోరు తగ్గించాడు. అద్దంలోంచి చూస్తే పనివాళ్లు ఒక్కొక్కరే తలలెత్తుతున్నారు, ఏం జరిగిందో తెలియక.

"బూట్లు విప్పండి," అంది నర్సమ్మ. "ఏసీ గదిలో నేల ఇంత పొడిగా ఉంటే రబ్బరు బూట్లు దేనికని వచ్చినప్పుడే అడగాల్సింది."

హెల్త్ సారు వంగి, ఒక బూటు లాగాడు. పిక్కకి నాలుగు బ్యాండ్లు. రెండో కాలికి మూడు. చర్మం మీద ఎర్రటి వాతలు తేలి ఉన్నాయి.

"వాళ్లే అడిగారండి." ఇప్పుడు ఆ గొంతు నెమ్మదిగా లేదు. "మొదట పిన్ని ఏడ్చింది. ఒక్క పూటకి అనుకున్నాను. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. జాలిపడ్డాను. వేగం దానివల్లే పెరుగుతోందని ఆలస్యంగా అర్థమైంది. అప్పటికే..." మేనేజరు వైపు చూసి ఆపేశాడు. ఒక్కొక్క బ్యాండూ విప్పి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. విప్పిన ప్రతిదానికీ తెర మీద ఒక చుక్క ఎర్రబడింది. "పొడుగోడిది కూడా నా కాలికే ఉండేది. వాణ్ణి తెచ్చాక తీసి వాడికి కట్టాను. కానీ ఒక్కటి నమ్మండి. తిరిగిచ్చెయ్యమని ఎవరడిగినా ఆ క్షణమే ఇచ్చేసేవాణ్ణి. ఎవరూ అడగలేదు. వాడూ అడగలేదు."

బ్యాండ్లన్నీ అప్పటికే బల్ల మీద ఉన్నాయి. ఆ మాట నిజమో కాదో తెర చెప్పలేకపోయింది.

కింద రోలర్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో అరిచిన అరుపు అద్దం దాటి వచ్చింది. "పిన్ని పడిపోయింది!"

నర్సమ్మ మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. నూట నలభై నాడి వేళ్లతో చూసి కూడా ఆ మనిషిని మళ్లీ రోలరు దగ్గరికి పోనిచ్చింది. ముందు కూర్చోబెట్టాల్సింది, దొంగని తర్వాత పట్టుకోవాల్సింది. ఆ ఆలోచనకి ఇప్పుడు టైము లేదు.

పిన్ని రోలరు పక్క నేల మీద ఉంది. కళ్లు అరమూతలు. ఒళ్లు కాలుతోంది, కానీ నుదుటి మీద ఇంకా చెమట ఉంది. ఆ చెమట చూసి నర్సమ్మకి ప్రాణం లేచివచ్చింది.

"ఉతుకుడు వైపునుంచి చల్లటి తడి దుప్పట్లు పట్రండి. ఎన్నుంటే అన్ని. ఫ్యాను ఇటు తిప్పండి. ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి, చుట్టూ మూగకండి."

దుప్పట్లకి ఆ చోట కరువేముంది? నీళ్లోడుతున్నవి ఒకదాని మీద ఒకటి వచ్చాయి. మెడకి, చంకల్లో, తొడలకి చుట్టారు. వేడెక్కిన దుప్పటి తీసి చల్లనిది కప్పారు. ఇన్సూరెన్సాయన కోటు విప్పి పక్కన పడేసి, బకెట్టుతో నీళ్లు మోశాడు. ఎవరూ చెప్పకుండానే. నర్సమ్మ మణికట్టు వదలకుండా లెక్కపెడుతూనే ఉంది. నూట ముప్ఫై. నూట పదహారు. నూటికి దిగేసరికి పిన్ని కళ్లు తెరిచింది.

"నేనెవరో తెలుసా?" అంది నర్సమ్మ.

"నా చెయ్యి పట్టుకున్నావిడ." పిన్ని గొంతు తడారిపోయి ఉంది. "షిఫ్టు పోయిందా?"

"పోనీ. పడుకో."

పిన్ని చూపు నర్సమ్మ భుజం మీదుగా వెనక్కి వెళ్లింది. హాలు గుమ్మంలో హెల్త్ సారు వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు, బ్యాండ్లు చేత్తో పట్టుకుని. వాటిని చూసి పిన్నికి అంతా అర్థమైనట్టుంది. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"వాడిది మొన్న పొద్దునే ఇచ్చేసి ఉంటే బతికేవాడు కదా సారూ," అంది.

నర్సమ్మ వేళ్లు ఆగాయి. "ఏంటి పిన్నీ?"

"మొన్న పని మొదలుకాక ముందు మావాడు అడిగాడండి. నేను పక్కనే ఉన్నాను. ఒంట్లో బాగాలేదు సార్, నా బ్యాండు నాకిచ్చెయ్యండి, ఎర్రబడితే ఇంటికి పోతాను, కూలి పోతే పోయింది అన్నాడు. ఈయనేమో ఇవాళ కాదు, ఈ ఒక్కరోజు ఓర్చుకో అన్నాడు. కొత్త ఆస్పత్రివాళ్లు చూడ్డానికి వస్తున్నారు, ఇవాళ తెరంతా పచ్చగా ఉండాలన్నాడు."

అందరూ హెల్త్ సారు వైపు తిరిగారు.

"మతిలేక అంటోంది," అన్నాడు హెల్త్ సారు.

"తొంభై ఆరు," అంది నర్సమ్మ. "ఇప్పుడు ఈవిడకి నాకెంత మతి ఉందో అంత ఉంది."

ఇన్సూరెన్సాయన తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని హెల్త్ సారు దగ్గరికి వెళ్లాడు. ఇరవై ఏళ్ల పోలీసు గొంతు మళ్లీ వచ్చింది. "తెరంతా పచ్చగా ఉండాలని నీకు నువ్వే అనుకున్నావా, ఎవరైనా చెప్పారా?"

హెల్త్ సారు తలెత్తి మేడ వైపు చూశాడు. అందరూ అటే చూశారు. అప్పుడు నర్సమ్మకి తట్టింది, ఇంత గొడవలోనూ మేనేజరు కిందికి దిగి రాలేదని.

అద్దాల గదిలో అతను ఒక్కడే ఉన్నాడు. వాళ్లకి వీపు పెట్టి, తెరకి ఎదురుగా. అతని చేతులు గబగబా కదులుతున్నాయి. గోడంత తెర మీద పేర్లు పైనుంచి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. రేపటి విచారణలో చూపించాల్సిన గీతలన్నీ, పోయినవాడి గుండె పావుగంట ఎక్కువ కొట్టుకున్న ఆ గీతతో సహా.

నర్సమ్మ సగం లేచింది. పిన్ని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో పిన్ని నాడి మళ్లీ దడదడలాడింది.

"మీరుండండి," అన్నాడు ఇన్సూరెన్సాయన. అప్పటికే ఆయన మెట్ల మీద ఉన్నాడు, ఆ వయసులో మెట్టు వదిలి మెట్టు ఎక్కుతూ.

పైన లోపల్నుంచి తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. నర్సమ్మ కూర్చుండిపోయి, ఇంకో తడి దుప్పటి అందుకుంది.